కుక్కకు హార్ట్‌వార్మ్ మందు: సురక్షితమైనది ఎంచుకోవడం, సరిగ్గా వేయడం ఎలా

"హార్ట్‌వార్మ్ రాకుండా మా కుక్కకు ఏ మందు మంచిది?" కుక్కల్ని పెంచేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. దాని వెనకే ఇంకొకటి వస్తుంది: "ఐవర్‌మెక్టిన్ కుక్కలకు ప్రమాదం అంటారు కదా, వేయొచ్చా?" రెండిటికీ జవాబు మందు పేరులో దొరకదు, మోతాదులో దొరుకుతుంది. కిలో బరువుకు 6 మైక్రోగ్రాములు వేస్తే కుక్కను కాపాడే మందే, కొలత తప్పితే కొన్ని కుక్కల ప్రాణం తీస్తుంది. అందుకే మందు ఎంచుకునేటప్పుడు డబ్బా మీది బొమ్మను వదిలేసి వెనకవైపు సన్న అక్షరాలు చదవాలి. ఏం చదవాలో, ఏ వరుసలో చేయాలో కింద చెబుతున్నాం.

ముందుగా ఒక్క విషయం తెలిస్తే చాలు. హార్ట్‌వార్మ్ అంటే గుండె, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో చేరే పురుగు, దోమకాటుతో వస్తుంది. కాటు దగ్గర లోపలికి దిగిన పిల్లపురుగు చర్మం కింద పెరిగి, రెండు మూడు నెలల్లో గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళాలకు చేరుతుంది. ఆరేడు నెలలకు పెద్దదై తానే పిల్లల్ని పెడుతుంది. ఆడపురుగు 25 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, కుక్క ఒంట్లో 5 నుంచి 7 ఏళ్లు బతుకుతుంది. నివారణ మందులు చంపేది చర్మం కింద ఉన్న పిల్లపురుగుల్నే. 50 రోజులు దాటాక అవి ముదరడం మొదలవుతుంది, ఆ తర్వాత మందు పని నమ్మకం లేదు. అంటే ఈ రోజు వేసే నెలవారీ మందు రాబోయే నెలకు కవచం కాదు, గడిచిన నెలలో దిగిన పురుగుల్ని శుభ్రం చేస్తుంది. ఇది అర్థమైతే తేదీ ఎందుకు తప్పకూడదో వేరే చెప్పక్కర్లేదు.

కావలసినవి

- ఈ వారం తూచిన కుక్క బరువు
- కుక్క వయసు (కచ్చితంగా తెలియకపోతే డాక్టరు పళ్లు చూసి వేసిన అంచనా)
- జాతి, లేదా సంకరమైతే ఏ జాతుల పోలిక ఉందో
- హార్ట్‌వార్మ్ రక్తపరీక్ష ఫలితం (7 నెలలు దాటిన కుక్కకు)
- ఇప్పుడు వాడుతున్న మందులన్నీ: పిడుదుల మందు, గజ్జి మందు, ఫంగస్ మందు, నట్టల మందు
- మూర్ఛలు, ఆహార అలర్జీ, ఇంతకుముందు ఏ మందుకైనా ఒళ్లు వాచడం వంటివి ఉంటే ఆ వివరం
- తేదీలు రాసుకునే క్యాలెండరు

1. కుక్కను తూచండి

పోయినేడాది బరువుతో మందు కొనకండి. పెద్ద కుక్క తూనిక మీద కుదురుగా నిలబడకపోతే దాన్ని ఎత్తుకుని మీరు నిలబడి, తర్వాత మీ బరువు తీసేయండి. ఎత్తలేనంత పెద్దదైతే పశువుల ఆసుపత్రిలో తూచాలి. పెరిగే కూనను మందు వేసే ప్రతిసారీ తూచాల్సిందే. ఆరు కిలోలకు కొన్న మూడు నెలల ప్యాకెట్ రెండో నెలకే చిన్నదైపోవచ్చు.

2. రక్తపరీక్ష చేయించండి

7 నెలల లోపు కూనకు ముందస్తు పరీక్ష అక్కర్లేదు, చేసినా ఏమీ కనబడదు. 8 వారాల వయసు దాటనివ్వకుండా మందు మొదలుపెట్టి, ఆరు నెలల తర్వాత పరీక్ష చేయించండి.

7 నెలలు దాటిన కుక్క, ముఖ్యంగా చరిత్ర తెలియకుండా తెచ్చుకున్నదైతే, మొదటి మాత్రకు ముందే రెండు పరీక్షలు చేయించాలి. ఒకటి యాంటిజెన్ పరీక్ష. ఇది పెద్ద ఆడపురుగు వదిలే పదార్థాన్ని రక్తంలో పట్టుకుంటుంది. రెండోది మైక్రోఫైలేరియా పరీక్ష, రక్తంలో తిరిగే పిల్లపురుగుల్ని సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఒక చుక్క రక్తం చూసి "లేవు" అనేస్తే సరిపోదు. పురుగులు తక్కువగా ఉన్నప్పుడు ఒక చుక్కలో దొరకవు. ఒక మిల్లీలీటరు రక్తాన్ని 2 శాతం ఫార్మలిన్‌లో కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినదాన్ని చూసే నాట్ పద్ధతి అడగండి.

పరీక్ష ఎందుకు ముందే అంటే, పెద్ద పురుగులున్న కుక్కకు తెలియక మందు వేస్తే రెండు రకాల ముప్పు. రక్తంలో మైక్రోఫైలేరియాలు లెక్కకు మించి ఉంటే అవన్నీ ఒక్కసారి చచ్చి కుక్క షాక్‌లోకి వెళ్లవచ్చు. ఇది మిల్‌బెమైసిన్‌తో ఎక్కువగా చూస్తాం. ఇక మనుషుల్లో బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజైన్‌ను మైక్రోఫైలేరియాలున్న కుక్కకు అసలు వేయకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. రెండో ముప్పు కనబడనిది: నివారణ మందు వేస్తున్నాం కదా అని మీరు నిశ్చింతగా ఉంటారు, లోపల పెద్ద పురుగులు రక్తనాళాల్ని పాడుచేస్తూనే ఉంటాయి.

ఫలితం పాజిటివ్ వస్తే ఈ జాబితా ఇక్కడే ఆపేయండి. ముందు వేరే రకం కిట్‌తో మళ్లీ పరీక్షించి నిర్ధారించుకోవాలి. ఆ తర్వాత నడిచేది చికిత్స, దాన్ని డాక్టరు చేతిలోనే ఉంచాలి. అప్పటిదాకా కుక్కను పరుగెత్తనివ్వకండి, ఎగిరి దూకే ఆటలు మాన్పించండి.

ఫలితం నెగెటివ్ వచ్చినా అది ఈ రోజు సంగతి చెప్పదు. ఆరు నెలల కిందటి సంగతి చెబుతుంది. పోయిన నెల కుట్టిన దోమ తెచ్చిన పురుగు ఏ పరీక్షకూ దొరకదు. అందుకే మందు మొదలుపెట్టిన ఆరు నెలలకు మరోసారి, ఆపైన ఏడాదికోసారి పరీక్ష తప్పదు.

3. డబ్బా వెనక్కి తిప్పి మందు పేరు చదవండి

ఎక్కువమంది దెబ్బతినేది ఈ దగ్గరే. కుక్కకు ఏదో నెలనెలా వేస్తున్నారు, అది హార్ట్‌వార్మ్‌కు కూడా పనిచేస్తుందనుకుంటారు. చాలాసార్లు అది ఉత్త పిడుదుల మందు.

హార్ట్‌వార్మ్ నివారణకు పనికొచ్చేవి నాలుగే. డబ్బా మీద ఈ నాలుగింటిలో ఒకటి, పక్కన ఇంచుమించు ఈ మోతాదు పడేలా ఉండాలి:

- ఐవర్‌మెక్టిన్: నోటి ద్వారా, నెలకోసారి, కిలోకు కనీసం 6 మైక్రోగ్రాములు
- మిల్‌బెమైసిన్ ఆక్సైమ్: నోటి ద్వారా, నెలకోసారి, కిలోకు కనీసం 0.5 మిల్లీగ్రాములు
- సెలామెక్టిన్: చర్మం మీద పోసేది, నెలకోసారి, కిలోకు కనీసం 6 మిల్లీగ్రాములు
- మాక్సిడెక్టిన్: నోటి ద్వారా ఇచ్చే కొన్ని కలగలుపు మాత్రల్లో కిలోకు 24 మైక్రోగ్రాములు, చర్మం మీద పోసేదాంట్లో కిలోకు 2.5 మిల్లీగ్రాములు, ఇంకా 6 లేదా 12 నెలలు పనిచేసే ఇంజెక్షన్

మైక్రోగ్రాము, మిల్లీగ్రాము తేడా గమనించారా? ఒక మిల్లీగ్రాములో వెయ్యి మైక్రోగ్రాములు. ఐవర్‌మెక్టిన్‌లో 6 మైక్రోగ్రాములు, సెలామెక్టిన్‌లో 6 మిల్లీగ్రాములు. అంకె ఒకటే అయినా మందు బరువు వెయ్యి రెట్లు. ఒకదాని లెక్క ఇంకొకదానికి వాడితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఫిప్రోనిల్, పెర్మెత్రిన్, ఇమిడాక్లోప్రిడ్, ఫ్లూరలనర్, అఫాక్సోలనర్, సరోలనర్, ఫ్లూమెత్రిన్ మెడపట్టీ: ఇవి పిడుదులకు, గోమార్లకు. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా హార్ట్‌వార్మ్‌ను ఆపదు. పైరాంటెల్, ప్రాజిక్వాంటెల్, ఫెన్‌బెండజోల్, ఆల్‌బెండజోల్ పేగుల్లోని పురుగులకు వేసే నట్టల మందులు. మూడు నెలలకోసారి నట్టల మందు పట్టిస్తున్నాం అంటే హార్ట్‌వార్మ్ సంగతి చూసినట్టు కాదు.

పేర్లు దగ్గరగా ఉండి మోసపోయేవి కూడా ఉన్నాయి. నెక్స్‌గార్డ్‌లో అఫాక్సోలనర్ ఒక్కటే, హార్ట్‌వార్మ్‌కు పనికిరాదు. నెక్స్‌గార్డ్ స్పెక్ట్రాలో దానికి మిల్‌బెమైసిన్ కలిపారు, పనికొస్తుంది. సింపారికా ఒట్టి పిడుదుల మందు, సింపారికా ట్రయోలో మాక్సిడెక్టిన్ ఉంది. దుకాణంలో "అదే సార్, ఇదీ అదే" అన్నా ఒప్పుకోకండి. పూర్తి పేరు చూసి, లోపలి మందులు చదివి, అప్పుడే తీసుకోండి.

4. లెక్క మీరే సరిచూసుకోండి

డబ్బా మీద రాసిన మందు మొత్తాన్ని కుక్క బరువుతో భాగించండి. ఉదాహరణకు ఐవర్‌మెక్టిన్ 68 మైక్రోగ్రాముల బిళ్ల 11 కిలోల కుక్కకు వేస్తే కిలోకు 6.2 వస్తుంది, సరిపోయింది. అదే బిళ్ల 14 కిలోల కుక్కకు వేస్తే 4.9, చాలదు. 136 మైక్రోగ్రాముల బిళ్ల కావాలి. అప్పుడు కిలోకు 9.7 పడుతుంది. ఆ కాస్త ఎక్కువకు ఏ భయమూ లేదు, బరువు శ్రేణులు అందుకే అలా పెట్టారు. తక్కువ పడటమే అసలు చిక్కు. కుక్క బాగానే కనబడుతుంది, పురుగు మాత్రం పెరుగుతుంది.

పెద్ద బిళ్ల కొని రెండు చిన్న కుక్కలకు సగం సగం చేయడం మానండి. నమిలే బిళ్లలో మందు అన్ని మూలలా సమానంగా ఉంటుందన్న హామీ లేదు. ఒక సగంలో ఎక్కువ, ఇంకో సగంలో తక్కువ ఉంటే రెండు కుక్కలకూ తప్పు మోతాదే. శ్రేణి దాటిన భారీ కుక్కకు రెండు బిళ్లలు కలపవచ్చు, ఏ రెండు కలపాలో లేబుల్ మీద ఉంటుంది.

5. పశువుల ఇంజెక్షన్‌కు దూరంగా ఉండండి

దీన్ని వేరే అంచెగా పెట్టడానికి కారణం ఉంది. గేదెలకు, గొర్రెలకు వేసే 1 శాతం ఐవర్‌మెక్టిన్ సీసా తెచ్చి "రెండు చుక్కలు నోట్లో వేస్తే చాలు" అని చెప్పేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. ఆ సీసా లెక్క ఒకసారి చూడండి.

1 శాతం అంటే మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములు. 10 కిలోల కుక్కకు హార్ట్‌వార్మ్ నివారణకు కావలసింది 60 మైక్రోగ్రాములు. అది 0.006 మిల్లీలీటర్లు. ఇన్సులిన్ సిరంజి మీద సాధారణంగా ఉండే అతి చిన్న గీత 0.01. అంటే మీకు కావలసిన మోతాదు ఆ సిరంజి మొదటి గీత కన్నా కింద ఉంది, కొలవడం చేతకాదు. చెయ్యి కాస్త జారి 0.1 పడితే కిలోకు 100 మైక్రోగ్రాములు. ఒక మిల్లీలీటరు పడితే కిలోకు 1,000, అవసరమైనదానికి 160 రెట్లకు పైనే.

నీళ్లలో కలిపి పలుచన చేద్దామంటే అదీ కుదరదు. ఐవర్‌మెక్టిన్ నీళ్లలో కరగదు. పైన ఒక సాంద్రత, అడుగున ఒక సాంద్రత. గుర్రాల పేస్ట్‌ది ఇంకో బాధ: 1.87 శాతం మందు, గుర్రం బరువుకు గీతలు. బఠాణీ గింజంత తీస్తే చాలనే కొలతలో ఎంత మందు వెళ్లిందో తీసినవాళ్లకే తెలియదు.

మనుషుల 12 మిల్లీగ్రాముల ఐవర్‌మెక్టిన్ మాత్ర గురించి కూడా అడుగుతారు. 10 కిలోల కుక్కకు అది కిలోకు 1,200 మైక్రోగ్రాములు, నివారణ మోతాదుకు 200 రెట్లు. ఇంట్లో ఆ మాత్రలుంటే కుక్కకు అందని చోట పెట్టండి.

కుక్కకు డాక్టరు గజ్జికి ఐవర్‌మెక్టిన్ రాస్తారు కదా, అది కిలోకు 300 నుంచి 600 మైక్రోగ్రాములు ఉంటుంది కదా అని సందేహం రావచ్చు. నిజమే. అది వేరే రోగం, వేరే లెక్క. జాతి చూసుకుని, కొద్దికొద్దిగా పెంచుతూ, కళ్లెదుట గమనిస్తూ వేసే మందు. ఆ చీటీని హార్ట్‌వార్మ్‌కు వాడకూడదు.

6. జాతి చూసుకోండి

ఐవర్‌మెక్టిన్ భయం పుట్టింది ఇక్కడే. కొన్ని జాతుల్లో ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది. మామూలు కుక్కలో మందును మెదడులోకి పోకుండా బయటికి నెట్టే ప్రొటీన్ వీటిలో పనిచేయదు. కోలీలలో ఈ లోపం బాగా ఎక్కువ, నూటికి సుమారు 70 దాకా. ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో దాదాపు సగం. షెట్‌లాండ్ షీప్‌డాగ్, ఓల్డ్ ఇంగ్లిష్ షీప్‌డాగ్, జర్మన్ షెపర్డ్, బోర్డర్ కోలీ, పొడవు బొచ్చు విప్పెట్‌లలోనూ కనబడుతుంది. వీటి పోలికలున్న సంకర కుక్కల్ని కూడా ఈ లెక్కలోనే వేసుకోండి. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2001లో ఈ లోపాన్ని గుర్తించాక దీనికి జన్యు పరీక్ష వచ్చింది. బుగ్గ లోపలివైపు దూదిపుల్లతో రుద్ది పంపితే సరిపోతుంది, ఒక్కసారి చేయిస్తే జీవితాంతం చెల్లుతుంది.

లోపమున్న కుక్కకు ఏ మందు మరి? నాలుగింటిలో ఏదైనా, లేబుల్ మోతాదులో. ఇది చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. లోపమున్న కోలీలకు నివారణ మోతాదుకు పది రెట్లు, అంటే కిలోకు 60 మైక్రోగ్రాములు ఐవర్‌మెక్టిన్ ఇచ్చి చూసినా విషలక్షణాలు రాలేదు. కిలోకు 100 దాటాక మొదలవుతాయి. పశువులకు వేసే మోతాదు కిలోకు 200. అది ఆ హద్దు దాటేసింది, ప్రమాదమంతా అక్కడే ఉంది. కోలీ ఉందని భయపడి నివారణ మందే మానేసినవాళ్ల కుక్కలు హార్ట్‌వార్మ్‌తో పోవడం అంతకన్నా అన్యాయం.

లోపమున్న కుక్క విషయంలో మూడు జాగ్రత్తలు. చర్మం మీద పోసే మాక్సిడెక్టిన్‌ను నాకనివ్వకండి, చర్మానికి ఉద్దేశించిన మోతాదు నోట్లోకి వెళితే చాలా ఎక్కువ. ఐవర్‌మెక్టిన్ వేసిన గుర్రాల, పశువుల పేడ తిననివ్వకండి, పేడలో మిగిలిన మందుతో విషం ఎక్కిన కోలీలున్నాయి. విరేచనాలు ఆగడానికి మనం వాడే లోపెరమైడ్ ఈ కుక్కలకు వేయకండి.

7. మీ కుక్కకు ఏ రూపం సరిపోతుందో తేల్చుకోండి

ఆరోగ్యంగా ఉండి ఏదైనా తినేసే కుక్కకు నెలవారీ నమిలే బిళ్ల అన్నిటికన్నా తేలిక. పడకపోతే వచ్చే నెల మార్చుకోవచ్చు, అదే దీని పెద్ద సుగుణం.

మూర్ఛలు వచ్చే కుక్కకు "లనర్" అని ముగిసే మందు కలిసిన మాత్ర వద్దు. అఫాక్సోలనర్, సరోలనర్, లోటిలనర్, ఫ్లూరలనర్ ఒకే కుటుంబం. కొన్ని కుక్కల్లో వణుకు, తూలడం, మూర్ఛ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో ఈ కుటుంబం మొత్తానికి హెచ్చరిక పెట్టింది. చాలా కుక్కలకు ఏమీ కాదు, కానీ ముందే మూర్ఛలున్న కుక్కతో పందెం కాయకూడదు. దానికి ఒట్టి ఐవర్‌మెక్టిన్ లేదా ఒట్టి మిల్‌బెమైసిన్ అడిగి, పిడుదులకు వేరే దారి చూడండి.

ఆహార అలర్జీ ఉన్న కుక్కకు రుచి కలిపిన బిళ్లలోని మాంసం కూడా పడకపోవచ్చు. చర్మం మీద పోసే సెలామెక్టిన్ మేలు. నీళ్లలో రోజూ ఈదే కుక్కకు మాత్రం నోటి మందే నయం.

ఇంట్లో పిల్లి ఉంటే పోసే మందుతో జాగ్రత్త. కుక్కల మాక్సిడెక్టిన్ ద్రావణం పిల్లులదానికన్నా చిక్కనిది. పెర్మెత్రిన్ కలిసినవైతే పిల్లికి విషమే. మందు ఆరేదాకా రెండిటినీ విడిగా ఉంచాలి.

కూనలకు వయసు హద్దు ప్యాకెట్ మీద ఉంటుంది: ఐవర్‌మెక్టిన్, సెలామెక్టిన్ 6 వారాల నుంచి, ఇమిడాక్లోప్రిడ్‌తో కలిసిన మాక్సిడెక్టిన్ 7 వారాల నుంచి, "లనర్" కలిసినవి సాధారణంగా 8 వారాల నుంచి. వయసుతో పాటు కనీస బరువూ చూడండి. చూలుతో ఉన్న లేదా పాలిచ్చే కుక్కకు ఒట్టి ఐవర్‌మెక్టిన్, మిల్‌బెమైసిన్, సెలామెక్టిన్ వాడిన అనుభవం ఉంది. కలగలుపు మాత్రల్లో కొన్నింటిని ఆ దశలో పరీక్షించనే లేదు, అందుకని డాక్టర్ని అడగకుండా వేయకండి.

తేదీలు గుర్తుండని ఇంటికి ఇంజెక్షన్ ఆకర్షణీయంగా కనబడుతుంది. పనిచేస్తుంది కూడా. కానీ ఒకసారి ఒంట్లోకి వెళ్లిన మందును వెనక్కి తీయలేం. అలర్జీ స్వభావమున్న కుక్కకు, జబ్బుగా ఉన్న కుక్కకు, బరువు తగ్గిపోతున్న కుక్కకు ఇది మొదటి ఎంపిక కాకూడదు. ఆరు నెలల ఇంజెక్షన్‌ను 2004లో తయారీదారు అమెరికా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుని, మార్పుల తర్వాత 2008లో మళ్లీ తెచ్చాడు. వేయించాలనుకుంటే అదే రోజు టీకాలు వేయించకండి, రియాక్షన్ వస్తే దేనివల్లో తెలియదు. వేయించాక అరగంటైనా ఆసుపత్రి దగ్గరే ఉండండి.

8. మందు వేయండి

నోటి మందైతే: మొదటిసారి ఉదయం పూట, మీరు రోజంతా ఇంట్లో ఉండే రోజున వేయండి. రాత్రి వేసి నిద్రపోతే ఏదైనా జరిగినా మీకు తెలియదు. బిళ్లను గిన్నెలో వదిలేసి వెళ్లకండి. నమిలి మింగేదాకా నిలబడి చూడాలి, ముక్క కింద పడితే ఏరి పెట్టాలి. బుగ్గలో దాచి తర్వాత ఉమ్మేసే తెలివైన కుక్కలుంటాయి. మిల్‌బెమైసిన్ మందులు చాలావరకు తిండితోపాటు ఇస్తే కడుపులో తిప్పడం తక్కువ. గంటలోపు వాంతి చేసుకుని అందులో బిళ్ల కనబడితే లేబుల్ చూసి మళ్లీ వేయాల్సి ఉంటుంది. చాలాసేపయ్యాక వాంతి అయితే రెండో బిళ్ల వేసే ముందు డాక్టర్ని అడగండి.

పోసే మందైతే: ఒళ్లు పొడిగా ఉండాలి. భుజాల మధ్య, నాలుకకు అందని చోట బొచ్చు పాయ తీసి, చర్మం కనబడ్డాక గొట్టం మూతి చర్మానికి ఆనించి పిండండి. బొచ్చు మీద పోస్తే మందు బొచ్చులోనే ఉండిపోతుంది. పెద్ద కుక్కకు వీపు పొడవునా మూడు నాలుగు చోట్ల పంచి పోయాలి. అరగంటసేపు నాకకుండా చూడండి, రెండు గంటలు పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. ఆ రోజుకు స్నానం వద్దు.

వేసిన వెంటనే క్యాలెండర్లో నాలుగు రాయండి: తేదీ, మందు పూర్తి పేరు, కుక్క బరువు, బ్యాచ్ నంబరు.

9. రెండు రోజులు గమనించండి

ఒకటి రెండు సార్లు వాంతి, కాస్త మందకొడితనం, ఒక పూట తిండి మానడం: ఇవి జరగవచ్చు, మర్నాటికి పోతాయి. ముఖం వాపు, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం, చిగుళ్లు తెల్లబడటం అలర్జీ లేదా షాక్ గుర్తులు. కనుపాపలు పెద్దవై ఉండిపోవడం, చొల్లు కారడం, తూలుతూ నడవడం, వణుకు, గోడలకు గుద్దుకోవడం, పిలిచినా లేవకపోవడం మందు మెదడుకు ఎక్కిన గుర్తులు. రెండో, మూడో రకానివి ఏవి కనబడినా ఉదయం దాకా చూద్దాం అనుకోకండి. మందు డబ్బా చేత్తో పట్టుకుని వెళ్లండి. ఐవర్‌మెక్టిన్ విషానికి నేరుగా విరుగుడు లేదు. మందు ఒంట్లోంచి వెళ్లిపోయేదాకా ఊపిరి, సెలైన్, వెచ్చదనం చూసుకుంటూ కాపాడాలి. ఎంత తొందరగా చేరితే అంత మంచిది.

వేసిన మందు మీకు తెలియకుండా ఇంకో మందుతో కలిసినా ఇలా జరగవచ్చు. గజ్జికి పెద్ద మోతాదు ఐవర్‌మెక్టిన్ వాడుతున్న కుక్కకు చర్మం మీది పురుగులకు వేసే స్పినోసాడ్ మాత్ర గానీ, కీటోకొనజోల్ అనే ఫంగస్ మందు గానీ తోడైతే ఆరోగ్యమైన జన్యువున్న కుక్క కూడా ఎండీఆర్1 లోపమున్న దానిలాగే ప్రవర్తిస్తుంది. మందుల జాబితా ముందే తయారు చేసుకోమన్నది ఇందుకే.

10. తేదీ తప్పితే

గుర్తొచ్చిన రోజే ఒక మోతాదు వేయండి. రెండు కలిపి వేయకండి. అక్కణ్నుంచి కొత్త తేదీ లెక్క. వారం ఆలస్యమైతే కంగారు అక్కర్లేదు. రెండు నెలలు దాటిపోతే డాక్టరుకు చెప్పి ఇప్పుడు ఒక పరీక్ష, ఆరు నెలలకు ఇంకొకటి చేయించాలి. ఇప్పటిది పాత సంగతి చెబుతుంది, మందు ఆగిన కాలంలో ఏమైనా దిగిందేమో ఆరు నెలల తర్వాతది చెబుతుంది. రెండోది మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

చలికాలంలో దోమలు తగ్గాయని ఆపేయడం కూడా తేదీ తప్పడమే. గాలి చల్లబడ్డా ఇంటి లోపల, మురుగు తూముల్లో దోమలు బతికే ఉంటాయి. అమెరికన్ హార్ట్‌వార్మ్ సొసైటీ ఏడాది పొడవునా మందు వేయమనే చెబుతుంది. నిజంగా గడ్డకట్టే చలి ఉన్నచోట ఆపాలనుకున్నా, ఆఖరి దోమ కనబడ్డాక ఇంకో నెల మోతాదు పడాలి, వెనకటి నెల శుభ్రం కావాలి కాబట్టి.

మందు సరిగ్గా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

కుక్కను చూసి తెలియదు. దగ్గు, ఆయాసం, నడకకు బద్ధకించడం కనబడేసరికి పురుగులు చేరి చాలా నెలలై ఉంటుంది. ఏడాదికోసారి యాంటిజెన్ పరీక్ష ఒక్కటే సరైన సాక్ష్యం. నివారణ మందు వాడే కుక్కలో మైక్రోఫైలేరియాలు మాయమై పెద్ద పురుగులు మిగిలే వీలుంది కాబట్టి మైక్రోఫైలేరియా పరీక్ష ఒక్కటే చేయించి సరిపెట్టకండి. యాంటిజెన్ పరీక్షకూ ఒక పరిమితి ఉంది: ఒకటి రెండు ఆడపురుగులే ఉన్నా, అన్నీ మగవే అయినా నెగెటివ్ రావచ్చు. లక్షణాలు కనబడుతుంటే నెగెటివ్ కాగితం చూపి ఊరుకోకుండా ఛాతీ ఎక్స్‌రే, గుండె స్కానింగ్ అడగండి.

వెల్లుల్లి, వేపాకు, నల్ల అక్రోటు పొడి వంటివి హార్ట్‌వార్మ్‌ను ఆపవు. వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తుంది కూడా. దోమతెర, నీళ్లు నిలవకుండా చూడటం మంచివే, చేయండి. అవి మందుకు తోడు మాత్రమే.

నెలనెలా వేస్తున్నా పరీక్ష పాజిటివ్ వచ్చిందనుకోండి. ముందు క్యాలెండర్ తీయండి. బరువు పెరిగినా పాత శ్రేణి బిళ్లే వేశారా, రెండు తేదీల మధ్య 45 రోజులు ఏమైనా వచ్చాయా, బిళ్ల ఉమ్మేసిన రోజు ఉందా, ఎండ తగిలే చోట పెట్టిన ప్యాకెట్టా, గడువు దాటిందా, సీలు సరిగా లేని చోట కొన్నారా చూడండి. చాలావరకు కారణం వీటిలోనే దొరుకుతుంది. వీటిలో ఏదీ లేకపోతే మందుకు లొంగని రకం పురుగు కావచ్చు. అలాంటివి ఉన్నాయని రుజువైంది. అప్పుడు మందు ఆపేయకుండా ఆ క్యాలెండర్, బ్యాచ్ నంబర్లు, మిగిలిన ప్యాకెట్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. తయారీదారుకు ఫిర్యాదు చేయడానికీ, చికిత్స తర్వాత ఏ మందుకు మారాలో తేల్చడానికీ ఆ వివరాలే ఆధారం.